300 గజాల డాగ్ పార్క్‌కి కింద ఏం వేస్తే నిలుస్తుంది? గడ్డి పోయింది, బురద మిగిలింది

సింబా_నాన్న:

అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో మియాపూర్ వైపు ఒక అపార్ట్‌మెంట్. వెనక కాంపౌండ్ వాల్‌కీ ఎస్‌టీపీకీ (మురుగునీరు శుద్ధి చేసే ప్లాంటు) మధ్య 300 గజాల ఖాళీ స్థలం ఉంటే, రెండేళ్లు అసోసియేషన్ చుట్టూ తిరిగి, మీటింగుల్లో మాటలు పడి, చివరికి కుక్కల కోసం ఇప్పించుకున్నాం. ఫెన్సింగ్ వేశాం, రెండు గేట్లు పెట్టాం. పోయిన జూన్‌లో మొత్తం కార్పెట్ గడ్డి పరిపించాం, మొదటి నెల చూడ్డానికి ఎంత బాగుందో చెప్పలేను.

దసరా వచ్చేసరికి గడ్డి లేదు. గేటు దగ్గర ముందు పోయింది, తర్వాత ఫెన్సింగ్ వెంబడి కుక్కలు పరిగెత్తే దారి పొడవునా పోయింది, మధ్యలో అక్కడక్కడా గుండ్రంగా పళ్లెమంత మచ్చలు ఎండిపోయి మిగిలాయి. వాన పడితే మూడు రోజులు నీళ్లు నిలుస్తాయి. మా సింబా లాబ్రడార్, 34 కిలోలు, వాడు ఒక రౌండ్ కొట్టి వచ్చాడంటే లిఫ్ట్‌లో నాలుగు కాళ్ల బురద ముద్రలూ ఏడో అంతస్తు దాకా వస్తాయి, హౌస్‌కీపింగ్ అమ్మాయి రోజుకి రెండుసార్లు తుడవాల్సి వస్తోంది. నేనూ తుడుస్తాననుకోండి, కానీ అందరూ అలా ఉండరు కదా. కుక్కలంటే పడని వాళ్లకి ఇదొక్కటి చాలు, ఆ స్థలం మళ్లీ పార్కింగ్‌కి ఇచ్చేయమంటున్నారు. అదే నా టెన్షన్.

ఇప్పుడు ఒకాయన వచ్చి ఆర్టిఫిషియల్ గ్రాస్ వేయిస్తే పదేళ్లు చూసుకోనక్కర్లేదు, చదరపు అడుగుకి 90 రూపాయలకి పరిచి ఇస్తానంటున్నాడు. 2700 అడుగులకి లెక్కేస్తే 2 లక్షల 43 వేలు. కమిటీ ఇస్తానన్నది 4 లక్షలు, అదీ ఒక్కసారే. కొండాపూర్‌లో జీహెచ్ఎంసీ 2018లో తెరిచిన డాగ్ పార్క్ 1.3 ఎకరాలు, అంత చోటుంటే ఒక పక్క పాడైనా ఇంకో పక్క వాడుకోవచ్చు, మాకు ఆ వీలు లేదు. రోజూ పొద్దున సాయంత్రం కలిపి పాతిక కుక్కల దాకా వస్తాయి. వేసి చూసినవాళ్లు చెప్పండి, మళ్లీ తప్పు చేస్తే ఈ స్థలం మాకు ఉండదు.

రాకీ_వాళ్లమ్మ:

సింబా నాన్న గారూ, ఆర్టిఫిషియల్ గ్రాస్ మొత్తం స్థలానికి మాత్రం వేయించకండి. బాచుపల్లిలో మా కమ్యూనిటీలో వేయించాం, రెండేళ్లయింది, ఆ పొరపాటు మీరు చేయొద్దనే ఇంత పెద్దగా రాస్తున్నాను.

మొదటి ఎండాకాలం ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగున్నరకి రాకీని తీసుకెళ్లాను. వాడు రెండడుగులు వేసి ఒక కాలెత్తాడు, దాన్ని దించి ఇంకోటెత్తాడు, నావైపు చూస్తూ అక్కడే గంతులేస్తున్నాడు. ఆడుకుందాం అంటున్నాడేమో అనుకున్నా. చెప్పు తీసి పాదం ఆనిస్తే అప్పుడు తెలిసింది, పెనం మీద పెట్టినట్టుంది. మావారు ఏసీల పని చేస్తారు, ఆయన దగ్గర దూరం నుంచి వేడి కొలిచే మీటర్ ఉంటే మర్నాడు మధ్యాహ్నం రెండింటికి తెచ్చి కొలిచాం. గాలి 41 డిగ్రీలు, ఆ పచ్చని ప్లాస్టిక్ 67. పక్కనే వేపచెట్టు నీడలో మట్టి 34. ఆ మూడు అంకెలూ రాసుకెళ్లి కమిటీకి చూపించాను.

నీళ్లు చల్లితే చల్లబడుతుందని చెప్పారు, చల్లబడుతుంది కూడా, కానీ ఎర్రటి ఎండలో కాసేపటికే మళ్లీ మామూలే.

రెండోది వాసన. మాకు కింద పాత సిమెంటు ఫ్లోర్ మీదే పరిచేశారు. చాపకి అడుగున చిల్లులున్నాయి, కానీ చిల్లుల్లోంచి దిగిన మూత్రం ఎక్కడికి పోవాలి? అక్కడే ఆరి, మళ్లీ తడిసి, మళ్లీ ఆరి. వానాకాలంలో మొదటి జల్లు పడితే మొదటి అంతస్తు వాళ్లు కిటికీలు మూసుకునేవాళ్లు. మూడోది, అంచు లేచింది. ఒక హస్కీ పిల్ల దాన్ని పీకి పీకి పోగులు మింగేసి రాత్రంతా వాంతులు. పదేళ్లు చూసుకోనక్కర్లేదన్న మాట మాత్రం నమ్మకండి. రోజూ గొట్టంతో కడగాలి, వారానికోసారి మూత్రం వాసన పోగొట్టే ఎంజైమ్ క్లీనర్ పట్టాలి, అంచులు చూసుకోవాలి.

మీకు నీడ ఎంత ఉంది? చెట్లున్నాయా? దాన్ని బట్టి చాలా మారుతుంది.

సైట్_ఇంజనీర్:

పైన మేడం గారు చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం, కాకపోతే తప్పు చాపది ఒక్కటే కాదు, కింద పని చేయకుండా పైన పరచడం అసలు తప్పు. నేను పదహారేళ్లుగా లేఅవుట్ పనులు చేయిస్తున్నాను, రోడ్లు, పార్కులు, కాలువలు. ఏ గ్రౌండైనా పైపొర వల్ల పాడవడం తక్కువ, నీళ్లకి దారి లేక పాడవడం ఎక్కువ. మూడు రోజులు నీళ్లు నిలుస్తున్నాయంటున్నారు కదా, ఆ సంగతి తేల్చకుండా గడ్డి వేసినా, ప్లాస్టిక్ వేసినా, మొరం (గరుకు ఎర్ర మట్టి) పోసినా ఇంకో ఏడాదికి ఇదే పోస్టు మళ్లీ రాస్తారు.

ముందు ఒక పని చేయండి, ఖర్చు లేదు. నీళ్లు నిలిచే చోట అడుగు వెడల్పు, అడుగు లోతు గుంత తవ్వి నిండా నీళ్లు పోయండి. అవి ఇంకాక మళ్లీ నింపండి. రెండోసారి నింపాక గంటకి ఎన్ని అంగుళాలు దిగిందో స్కేలు పెట్టి చూడండి. మొదటిసారి లెక్కలోకి తీసుకోవద్దు, ఎండిన మట్టి ఎలాగూ తాగేస్తుంది. రెండోసారి గంటకి ఒక అంగుళం కూడా దిగకపోతే మీ నేల నీళ్లు తాగదు, నీళ్లని బయటికి తీసుకుపోవాల్సిందే. రెండు మూడు అంగుళాలు దిగితే వాలు సరిచేస్తే చాలు. తవ్వేటప్పుడు ఏం మట్టి వస్తోందో కూడా చూడండి, ఎర్ర మట్టా, నల్లరేగడా, రాయా. నల్లరేగడి అయితే వానకి ఉబ్బుతుంది, ఎండకి నెర్రెలిస్తుంది, దాని మీద నేరుగా ఏం వేసినా కదులుతుంది.

వాలు 50 అడుగులకి ఒక అడుగు ఇవ్వండి. అంతకన్నా తక్కువైతే నీళ్లు కదలవు, బాగా ఎక్కువైతే వానకి మొరం కోసుకుపోయి చారలు పడతాయి. వాలు దిగే వైపు గోడ పొడవునా అడుగున్నర లోతు కాలువ తీసి, చిల్లుల పైపు నాలుగంగుళాలది చిల్లులు కిందికి వచ్చేలా పెట్టి, చుట్టూ 20 ఎంఎం కంకర పోసి, మొత్తాన్ని జియోటెక్స్‌టైల్ గుడ్డలో చుట్టేయండి. ఆ గుడ్డ లేకపోతే రెండు వానలకి మన్ను చేరి పైపు మూసుకుపోతుంది, చాలామంది అక్కడే మిగుల్చుకుని తర్వాత ఏడుస్తారు. పైపు వాన నీటి డ్రైన్‌లోకి గానీ ఇంకుడు గుంతలోకి గానీ పోవాలి, బిల్డింగ్ పునాదికి దగ్గరగా మాత్రం ఇంకుడు గుంత తీయొద్దు.

ఇక పైపొర. అందరూ మొత్తానికి ఒకటే వేయాలనుకుంటారు. మీ గడ్డి ఎక్కడెక్కడ ఏ వరసలో పోయిందో మీరే రాశారు, నాకు ఆ వరసే ప్లాన్‌లా కనబడింది. గేటు దగ్గర అన్ని కుక్కలూ ఆగుతాయి, తోసుకుంటాయి, గీరుతాయి. అక్కడ ఏ గడ్డీ బతకదు, అక్కడ రాయే. పది అడుగులకి పదిహేను, 150 చదరపు అడుగులు, తాండూరు బండలు వేయించండి, పాలిష్ లేనివి, గరుకువి. నున్నవైతే తడిలో కుక్కా జారుతుంది, మనమూ జారతాం. పరిగెత్తే మధ్య భాగానికి మొరం. 1500 చదరపు అడుగులకి నాలుగంగుళాల మందం కావాలంటే 500 ఘనపుటడుగులు, అంటే 5 యూనిట్లు. కానీ రోలర్ తిప్పితే అణుగుతుంది కాబట్టి ఆరున్నర యూనిట్లు తెప్పించాలి. లోడు దిగకముందే టిప్పర్ బాడీని టేపుతో కొలవండి, మాట మీద తీసుకోవద్దు. రెండంగుళాలు పోసి, నీళ్లు చల్లి, రోలర్ తిప్పి, మళ్లీ రెండంగుళాలు. నాలుగూ ఒకేసారి పోసి పైపైన తిప్పితే కింద గుల్లగా ఉండిపోయి మొదటి వానకే గుంటలు పడతాయి. మొరం కింద కంకర పొర వేస్తే ఆ రెండింటి మధ్యా కూడా గుడ్డ పడాలి, లేదంటే సన్న మట్టంతా కంకరలోకి దిగిపోతుంది.

పైన అర అంగుళం స్టోన్ డస్ట్ చల్లి తిప్పితే గట్టిగా కూర్చుంటుంది. మగ కుక్కలు కాలెత్తడానికి ఒక మూల కర్ర పాతి, చుట్టూ గులకరాళ్లు పోసేయండి, కడగడం తేలిక.

గోదారి_గట్టు:

ఇంత ఖర్చెందుకండీ, నాలుగు లారీల ఇసుక పోసేస్తే సరిపోదా? మెత్తగా ఉంటుంది, నీళ్లు నిలవవు, బురద రాదు. మా రాజమండ్రిలో మా కుక్క రోజంతా ఇసుకలోనే దొర్లుతుంది, ఏ రోగం లేదు.

పశువైద్యురాలు:

ఇసుక గురించి నేను గట్టిగా చెప్పాలి. గోదారి గట్టున ఎండకి మాడిపోయే ఇసుకలో, ఒకటి రెండు కుక్కలు తిరిగితే ఏమీ కాకపోవచ్చు. పాతిక కుక్కలు రోజూ వెళ్లే మూసిన స్థలంలో, నీడలో తడిగా ఉండే ఇసుక కొంకి పురుగులకి (హుక్‌వర్మ్) పుట్టిల్లు. మలంలో వచ్చిన గుడ్లు వెచ్చగా తడిగా ఉంటే కొద్ది రోజుల్లోనే పిల్ల పురుగులవుతాయి, అవి కుక్క పాదాల చర్మంలోంచి నేరుగా లోపలికి దూరతాయి. చెప్పుల్లేకుండా ఆడుకునే పిల్లల కాళ్లలోకి కూడా. పాదం మీద ఎర్రగా పాములా మెలికలు తిరిగిన గీత, భరించలేని దురద, అలా వచ్చిన పిల్లల్ని చర్మం డాక్టర్ దగ్గరికి నేనే పంపించాను. దానికితోడు పిల్లులు రాత్రిపూట ఇసుకనే వెతుక్కుని వస్తాయి. ఇసుకలో మలం కప్పబడిపోతుంది, ఎవరూ ఎత్తరు. కాబట్టి పైపొర ఏదైనా, మలం కంటికి కనబడేదై ఉండాలి, అది నా మొదటి షరతు.

ఇంజనీర్ గారు చెప్పినదాంట్లో రెండు మార్పులు కోరతాను. గులకరాళ్లు వద్దు. లాబ్రడార్ పిల్లలు దొరికిందల్లా మింగుతాయి, పొట్ట కోసి పేగులోంచి రాయి తీసిన రోజులు నాకు ఉన్నాయి. రాళ్లు నమిలి పళ్లు విరగ్గొట్టుకునేవి వేరే. కర్ర చుట్టూ గరుకు కాంక్రీటు వేసి కాలువ వైపు వాలు ఇవ్వండి, గొట్టంతో కడిగితే అయిపోతుంది. రెండు, క్రషర్ చిప్స్ మాత్రం ఎక్కడా వాడొద్దు, ఆ 6 ఎంఎం బేబీ చిప్స్ అంచులు కత్తుల్లా ఉంటాయి, పరుగులో మలుపు తిరిగినప్పుడు అరికాలి మెత్తలు చీరుకుపోతాయి.

నీళ్లు నిలవడం మీద ఇంకో మాట. నిలిచిన నీళ్లలో ఎలుకల మూత్రం కలిస్తే లెప్టోస్పైరోసిస్ వస్తుంది, కుక్కలకీ వస్తుంది, మనకీ వస్తుంది. ఎస్‌టీపీ పక్కనే అంటున్నారు, ఎలుకలు ఉండకుండా ఉండవు. అందుకే డ్రైనేజీ మీద పెట్టే డబ్బుని నేను వైద్యం ఖర్చు కిందే చూస్తాను. పార్క్‌కి వచ్చే ప్రతి కుక్కకీ టీకాలు, మూడు నెలలకోసారి పురుగుల మందు వేయించినట్టు కార్డు చూపించాలని రూల్ పెట్టండి.

కడగడానికి ఫినాయిల్ వాడొద్దు, అందులో ఉండే ఫినాల్ కుక్కలకి మంచిది కాదు, తడి కాళ్లు నాక్కుంటే కడుపులోకి పోతుంది. బ్లీచింగ్ పౌడర్ తెచ్చి మూత్రం మీద చల్లొద్దు, రెండూ కలిస్తే వచ్చే ఆవిరి కళ్లు మండిస్తుంది, ఊపిరి ఆడనివ్వదు. సున్నం చల్లే అలవాటు మన దగ్గర ఉంది కదా, అదీ వద్దు, తడి తగిలితే అరికాళ్లు కాలతాయి. ముందు బోలెడు మంచి నీళ్లు, తర్వాత ఎంజైమ్ క్లీనర్. అంతకుమించి అక్కర్లేదు.

రాకీ_వాళ్లమ్మ:

డాక్టర్ గారూ చాలా థ్యాంక్స్, మా వాళ్లు ఫినాయిలే కొడుతున్నారు, రేపే ఆపిస్తాను.

ఇంజనీర్ గారూ, స్టోన్ డస్ట్ గురించి ఒక అనుమానం. మా పక్క వెంచర్‌లో వాకింగ్ ట్రాక్‌కి అదే వేశారు, మార్చి నుంచి మే దాకా గాలొస్తే తెల్లగా లేచి బాల్కనీల్లోకి వస్తుంది, కార్ల మీద పొరలా ఉంటుంది. కుక్కలు ముక్కు నేలకి పెట్టి వాసన చూస్తూ తిరుగుతాయి కదా, ఆ పొడి అంతా పీలుస్తాయేమో.

సైట్_ఇంజనీర్:

మేడం, మీరు చెప్పింది సబబే, మనుషులు నడిచే ట్రాక్ లెక్కలో రాసేశాను. స్టోన్ డస్ట్ తీసేద్దాం. మొరంలోనే కొంచెం బంక మట్టి ఉన్నది ఏరుకుంటే దానంతట అదే పట్టుకుంటుంది. పిడికిట్లో తడిపి నొక్కండి, ముద్ద కట్టాలి, కానీ వేళ్లకి బంకలా అంటుకోకూడదు. అంటుకుంటే అందులో మట్టి ఎక్కువ, వానకి జారుతుంది. ముద్దే కట్టకపోతే అది ఒట్టి గ్రావెల్, నిలవదు. ఎండాకాలం పొద్దున్నే ఒకసారి నీళ్లు చల్లుకుంటే దుమ్ము లేవదు. గులకరాళ్ల విషయంలో డాక్టర్ గారి మాటే ఖాయం.

కడియం_నర్సరీ:

గడ్డి పూర్తిగా వదిలేయకండి. మాది కడియం దగ్గర, మూడు తరాలుగా మొక్కల పనే, హైదరాబాద్‌కి గడ్డి లోడ్లు మేమూ పంపిస్తాం. మీరు వేసింది కొరియన్ కార్పెట్ అయ్యుంటుంది, ఆకు సన్నగా, కాలి కింద మెత్తగా ఉంటుంది, అదేనా? అది చూసుకోవడానికి, మెల్లగా నడవడానికి. దానికి దెబ్బ తగిలితే పూడుకోవడానికి నెలలు పడుతుంది, కుక్క రోజూ గీరుతుంటే ఎప్పుడు పూడుకుంటుంది చెప్పండి.

కుక్కలకి గరికే. వినాయక చవితికి కోసుకొచ్చే ఆ గరికే. పైన తీగ పాకుతుంది, భూమి లోపల కూడా దుంప వేరు పాకుతుంది, పైదంతా తొక్కి చంపినా లోపలిది మళ్లీ లేస్తుంది. పొలంలో గరిక పడితే వదిలించుకోవడానికి రైతు ఎంత అవస్థ పడతాడో తెలిసినవాళ్లకి ఎక్కువ చెప్పక్కర్లేదు. నర్సరీల్లో సెలక్షన్ వన్ అని అమ్మేది కూడా గరిక జాతే, కాస్త నాజూకుది. కానీ గరికకి రోజుకి ఆరు గంటల ఎండ తగలాలి. చెట్టు కింద, గోడ నీడన వేయకండి, అక్కడ మొరమే ఉంచండి.

ఆ గుండ్రటి మచ్చల సంగతి. మడిలో యూరియా బస్తా ఒకచోట ఒలికితే అక్కడి పైరు మాడి, చుట్టూ మాత్రం నల్లగా నవనవలాడుతుంది చూశారా, అచ్చం అదే. కుక్క మూత్రంలో ఉండేదీ నత్రజనే, ఉప్పులూ ఉంటాయి. మచ్చ అంచున గడ్డి ముదురు ఆకుపచ్చగా ఉందేమో చూడండి. ఆడ కుక్కలు, పిల్లలు కూర్చుని ఒకేచోట పోస్తాయి కాబట్టి మచ్చలు వాటివే ఎక్కువ, అందుకని ఆడ కుక్కల్ని రానివ్వొద్దు అనే మాట ఎవరైనా అంటే వినకండి. పోసిన వెంటనే ఒక మగ్గు నిండా నీళ్లు అక్కడ పోస్తే మచ్చ పడదు. గేటు దగ్గర ఒక బకెట్టు, మగ్గూ పెట్టించండి. మందులు, పౌడర్లు అని అమ్మేవాటికన్నా ఆ మగ్గు నయం.

స్థలం తక్కువ కాబట్టి గడ్డి వేసే భాగాన్ని రెండు ముక్కలు చేయండి, మధ్యలో తీసి పెట్టుకునే మెష్ కంచె. ఒకటి వాడుతుంటే రెండోది మూడు వారాలు మూసి ఉంచండి. జులైలో వానలు పడ్డాక గరిక పిలకలు అరచేతి ఎడంగా గుచ్చితే దసరా దాటేదాకా కుక్కని లోపలికి వదలొద్దు. అందరూ తొందరపడేది ఇక్కడే, పచ్చగా కనబడగానే గేటు తీసేస్తారు, పైన పచ్చగా ఉంటుంది, కింద వేరు ఉండదు. రెండంగుళాల ఎత్తు ఉంచి కోయండి, నేలకి గొరిగేయకండి. ఇంకోటి, మీరు ఎస్‌టీపీ నీళ్లే పడుతున్నారా? అందులో ఉప్పు శాతం ఎంతో కనుక్కోండి. మూత్రం ఉప్పుకి తోడు ఆ నీళ్ల ఉప్పు కూడా చేరితే గరిక కూడా గింజుకుంటుంది.

అంచున పూల మొక్కలు వేయాలనిపిస్తే గన్నేరు మాత్రం వద్దు. ఆకు నమిలినా ప్రాణం మీదికి వస్తుంది.

టెక్సాస్_తెలుగు:

మేము డాలస్ దగ్గర ఉంటాం, సొంతూరు కర్నూలు. ఇక్కడి నేల చూస్తే నాకు మా నంద్యాల వైపు చేలే గుర్తొస్తాయి, అదే నల్లరేగడి, వానకి బూట్లు ఊడబెరుకుతుంది, ఆగస్టులో చెయ్యి పట్టేంత నెర్రెలు. అందుకని ఇక్కడ డాగ్ పార్కులు ఏం చేస్తున్నాయో చెబుతాను, మీకు పనికొస్తే తీసుకోండి.

మేం వెళ్లే పార్కుల్లో గడ్డి గరికే, ఇక్కడ బెర్ముడా అంటారు. చలికాలం ఎండుగడ్డిలా పడుకుంటుంది, మనకి హైదరాబాద్‌లో ఆ బాధ అంతగా ఉండదు. గేట్ల దగ్గర, నీళ్ల కుళాయి దగ్గర కాంక్రీటు, నడిచే దారుల్లో డీకంపోజ్డ్ గ్రానైట్ అని వాడతారు, చేతిలోకి తీసుకుని చూస్తే మన మొరానికి చుట్టమే. వాన పడితే గేటుకి తాళం వేసి బోర్డు పెట్టేస్తారు, ఆరేదాకా తెరవరు. మొదట్లో నాకు కోపం వచ్చేది, వాన వెలిశాక కుక్క ఇంట్లో ఆగదు కదా. తర్వాత అర్థమైంది, తడి నేల మీద ఒక్క సాయంత్రం కుక్కలు పరిగెత్తితే అయ్యే నష్టం నెల రోజుల వాడకానికి సమానం. మీ రూల్స్‌లో మొదటిరోజే ఇది రాయండి, తర్వాత రాస్తే గొడవలవుతాయి.

ఇక్కడ చెక్క పొట్టు కూడా పరుస్తారు, కాలికి మెత్తగా బాగుంటుంది, ఒకటి రెండేళ్లలో కుళ్లి మట్టయిపోతుంది, మళ్లీ పోస్తారు. మన దగ్గర చెదలకి విందు పెట్టినట్టు అవుతుందని నా భయం, పిడుదులు కూడా దాక్కుంటాయి. డాక్టర్ గారు ఏమంటారు?

పశువైద్యురాలు:

చెదల సంగతి నర్సరీ గారు చెప్పాలి, పిడుదుల సంగతి నేను చెబుతాను. అవి తడి పొట్టులో, పెరిగిన గడ్డిలో, ఇంకా ఎక్కువగా గోడల పగుళ్లలో గుడ్లు పెడతాయి. హైదరాబాద్‌లో నా దగ్గరికి టిక్ ఫీవర్ కేసులు ఏడాది పొడవునా వస్తాయి. సింబా నాన్న గారూ, మీ కాంపౌండ్ వాల్ పగుళ్లు సిమెంటు పెట్టి పూడ్పించండి, నేల మీద పెట్టే శ్రద్ధలో పావు వంతు గోడ మీద పెట్టినా చాలా తేడా ఉంటుంది. కొబ్బరి పీచు, కొబ్బరి చిప్పల ముక్కలు పరచమని కూడా సలహాలొస్తాయి, వద్దు, పీచు మింగితే పేగులో చుట్టుకుంటుంది.

కడియం_నర్సరీ:

చెక్క పొట్టు మాత్రం వద్దే వద్దండి. మా షెడ్డు పక్కన పోసిన రంపపు పొట్టు ఒక్క వానాకాలంలో పుట్టయి కూర్చుంది.

సింబా_నాన్న:

అందరికీ చేతులెత్తి దండం పెట్టాలి. ఆదివారం పొద్దున ఇంజనీర్ గారు చెప్పినట్టు గుంత తవ్వాం, నేనూ, మా బ్లాక్‌లో బీగిల్ వాళ్ల అబ్బాయీ. అడుగు దిగకముందే గడ్డపార ఠంగుమంది. పైన నాలుగంగుళాలు మంచి ఎర్ర మట్టి, దాని కింద మొత్తం కట్టుబడి చెత్త. విరిగిన టైల్స్, సిమెంటు గడ్డలు, ప్లాస్టర్ పెచ్చులు, ఒక పెయింటు డబ్బా మూత కూడా వచ్చింది. ఇంకో రెండు చోట్ల తవ్వినా అదే. అంటే పోయిన ఏడాది మేం గడ్డి పరిచింది నేల మీద కాదు, చెత్త మీద నాలుగంగుళాల మట్టి దుప్పటి మీద. కుక్కల్ని తిట్టినవాళ్లందరినీ పిలిచి ఆ గుంత చూపించాను. పార్కింగ్ అడుగుతున్న పెద్దాయన కూడా వచ్చి, వంగి చూసి, కాసేపు ఏమీ అనలేదు.

రెండోసారి నీళ్లు నింపాక గంటకి దిగింది ముప్పావు అంగుళం. సిమెంటు పొడి గట్టిపడి పలకలా అయిపోయింది.

మచ్చల అంచులు కూడా చూశాను, నర్సరీ గారన్నట్టే మిగిలిన నాలుగు పోచలూ ముదురు పచ్చగా ఉన్నాయి. ఎస్‌టీపీ నీళ్ల రిపోర్టు మేనేజర్‌ని అడిగాను, రాగానే ఇక్కడ పెడతాను.

నిన్న రాత్రి కమిటీ ముందు పెట్టిన లెక్క ఇది. ముందు చెత్తంతా అడుగున్నర లోతు దాకా తీయించడం, ఎక్కువ డబ్బు దానికీ పైపు కాలువకే పోతుంది. గేటు దగ్గర 150 అడుగులు గరుకు తాండూరు బండలు, మధ్యలో 1500 అడుగులు మొరం, ఎండ తగిలే తూర్పు వైపు 900 అడుగుల్లో గరిక రెండు ముక్కలుగా, మిగిలిన 150 అడుగులు మూల కర్ర, గరుకు కాంక్రీటు, కుళాయి. రాకీ వాళ్లమ్మ గారూ, మీరు నీడ గురించి అడిగారు, ఒక్క కానుగ చెట్టే ఉంది, అందుకని మొరం మీద సగానికి షేడ్ నెట్ కూడా కలిపాం. ఆర్టిఫిషియల్ గ్రాస్ ఆయనకి వద్దని చెప్పేశాం. మీ 67 డిగ్రీల అంకె చెప్పగానే ఇంకెవరూ ఆ మాట ఎత్తలేదు.

గరిక వేరు పట్టేదాకా, అంటే దసరా దాటేదాకా, సగం పార్కే తెరుస్తామంటే కొందరు ఒప్పుకోలేదు, ఒప్పించే పనిలో ఉన్నాను. ఇంజనీర్ గారూ, ఒక్కటే మిగిలింది. చెత్త తీశాక ఆ గుంత నింపడానికి బయటి ఎర్ర మట్టి తెప్పించాలా, లేక అడుగు నుంచే మొరంతో నింపుకుంటూ రావాలా? గరిక వచ్చే వైపు మొరం పోస్తే వేరు దిగుతుందా? శుక్రవారం జేసీబీ వస్తోంది, అంతలోపు చెప్పగలిగితే చాలు.

కడియం_నర్సరీ:

గరిక వైపు మొరం వద్దు. అడుగు మందాన ఎర్ర మట్టి, అందులో నాలుగో వంతు బాగా మాగిన పశువుల ఎరువు, కొంచెం దొడ్డు ఇసుక కలపండి. పచ్చి పేడ వేస్తే కుక్కలు తవ్వి తింటాయి, మాగిందే అడగండి.

సైట్_ఇంజనీర్:

మొరం వైపు కింద నుంచీ మొరమే పోసుకుంటూ రండి, ఆరంగుళాలకోసారి తడిపి రోలర్ తిప్పాలి. పై నాలుగంగుళాలే ఏరిన మొరం కావాలి, కింద మామూలుది చాలు, ఖర్చు తగ్గుతుంది. నేను వేసిన ఆరున్నర యూనిట్ల లెక్క పైపొరకి మాత్రమే, కింద నింపడానికి వేరే లెక్క కట్టుకోవాలి, తవ్వకం అయ్యాక లోతు నాలుగు చోట్ల కొలిచి పంపించండి, నేను వేసిస్తాను. జేసీబీ వచ్చేలోపు ఎస్‌టీపీ పైపులు ఆ స్థలం కింద నుంచి ఎక్కడ పోతున్నాయో ప్లంబర్‌తో సున్నం గీతలు గీయించండి. గీతలు చెరిగేదాకా సింబాని అటు తేకండి.

సింబా_నాన్న:

రేపు పొద్దున్నే ప్లంబర్‌ని పిలుస్తున్నాను. సున్నం బదులు ముగ్గు పిండితో గీయిస్తాం లెండి.